గుండు ముందా, సముద్రం ముందా?

పోయిన సంక్రాంతికి మా ఊరు తొండేభావి వెళ్ళాం. బెంగుళూరు నుంచి హిందూపురం వైపు వెళ్ళే రైలు ఎక్కినవారికి ఆ దారి తెలిసే ఉంటుంది. దొడ్డబళ్ళాపురం దాటాక మాకళిదుర్గం కొండల మధ్య బండి మెలికలు తిరుగుతుంది. రెండు పక్కలా గుండ్లే గుండ్లు. ఎవరో పనిగట్టుకుని ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు, ఇదిగో ఇప్పుడు దొర్లిపడతాయేమో అన్నట్టు ఉంటాయి. నా చిన్నతనం నుంచీ అలాగే ఉన్నాయి. నేను చూడగా ఒక్కటీ దొర్లలేదు.

సాయంత్రం నేనూ, మా మనవడూ ఊరి వెనక బండ ఎక్కి కూర్చున్నాం. వాడు బెంగుళూరులో ఏడో తరగతి చదువుతున్నాడు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బడిలో ఇంగ్లీషు. ఏ ప్రశ్న ఏ భాషలో పుడుతుందో తెలియదు గానీ, నన్ను అడిగేటప్పుడు మాత్రం తెలుగులోనే అడుగుతాడు. ఉన్నట్టుండి, "తాతా, ఈ గుండు ముందా, సముద్రం ముందా?" అన్నాడు.

"సముద్రమే రా" అన్నాను, ఏమాత్రం తడుముకోకుండా. మన పురాణాల్లో సృష్టికైనా ప్రళయానికైనా నీళ్ళేగా మొదలు!

"తప్పు. గుండే పెద్దది. మా సైన్సు మేడమ్ చెప్పింది" అన్నాడు వాడు, నవ్వుతూ.

ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. మనవడి దగ్గర సున్నా మార్కులు తెచ్చుకుని ఊరుకోవడానికి మనసొప్పలేదు. తిరిగి వచ్చాక దొరికిన పుస్తకాలు, వ్యాసాలు చదివాను, తెలిసినవారిని అడిగాను. వాడి మేడమ్ చెప్పింది నిజమే. అయితే కథ అక్కడితో అయిపోలేదు. సముద్రపు నేల గురించి చదవబోతే అది తిరిగి తిరిగి మా తొండేభావి పక్కకే వచ్చి ఆగింది. ఆ సంగతులే మీతో పంచుకుందామని ఈ వ్యాసం.

కుండ కొత్తది, నీళ్ళు పాతవి

ముందు ఒక తేడా చెప్పుకోవాలి. సముద్రంలోని నీళ్ళు చాలా పాతవి, వందల కోట్ల ఏళ్ళ నాటివి. కొత్తది ఆ నీళ్ళను మోస్తున్న నేల. కుండలు మారుతూ వచ్చాయి, నీళ్ళు మాత్రం అవే అన్నమాట.

మా ప్రాంతపు గ్రానైటు గుండ్ల వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. బెంగుళూరు లాల్‌బాగులో కెంపేగౌడ బురుజు నిలబడి ఉన్న బండ ఇంకా పాతది, 300 కోట్ల దాకా చెబుతారు. ఆదివారం సాయంత్రం పిల్లలు జారుడుబండ ఆడుకునే ఆ రాయిని ప్రభుత్వం జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించింది. పలక కూడా పెట్టారు. చాలామంది దాని మీద వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ ఆ పలక చదవకుండానే దిగి వచ్చేస్తారు. నేనూ ఆ చాలామందిలో ఒకణ్ణే.

ఇక సముద్రపు నేల సంగతి. ప్రపంచంలోని మహాసముద్రాలన్నీ గాలించినా, చిన్నచిన్న మినహాయింపులు పోను, అత్యంత పాత నేల వయసు 18 కోట్ల సంవత్సరాలకు అటూఇటూ మాత్రమే. అది పసిఫిక్ మహాసముద్రపు పడమటి కొసన ఉంది. మన బంగాళాఖాతం అడుగు 12, 13 కోట్ల ఏళ్ళది. లెక్కల మాస్టారిని కాబట్టి చిన్న త్రైరాశికం వేసి చూసుకున్నాను. తొండేభావి గుండుకు నా అంత వయసు, అంటే 70 ఏళ్ళు అనుకుంటే, లోకంలోకెల్లా ముసలి సముద్రపు నేల ఐదేళ్ళ పిల్లవాడు. బంగాళాఖాతం అడుగుకు మూడున్నరేళ్ళు. హిమాలయాలు లేవడం మొదలై ఏడాదిన్నర కూడా కాలేదు.

మరి ఐదేళ్ళ కంటే పెద్ద పిల్లలంతా ఏమైనట్టు?

మన సముద్రంలోనే దొరికిన సాక్ష్యం

1950 వరకు ఈ ప్రశ్న పెద్దగా ఎవరికీ తట్టలేదు. సముద్రం అడుగు చదునుగా, కదలక మెదలక, సృష్టి ఆది నుంచి బురద పేరుకుంటూ ఉంటుందనే చాలామంది అనుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో నీటిలోకి ధ్వని పంపి, దాని ప్రతిధ్వనిని బట్టి లోతు కొలిచే పద్ధతి బాగా పెరిగింది. ఓడలు తెచ్చిన అంకెల గుట్టలను అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో మేరీ థార్ప్ అనే ఆవిడ బొమ్మలుగా గీసింది. ఆ రోజుల్లో ఆడవాళ్ళను పరిశోధన నౌకల మీదికి ఎక్కనిచ్చేవారు కాదు. 1952 ప్రాంతంలో అట్లాంటిక్ గీస్తుండగా, నడిసముద్రంలో పొడవాటి పర్వతశ్రేణి, దాని వెన్ను వెంబడి చీలిక లాంటి లోయ ఆవిడకు కనబడ్డాయి. భూమి అక్కడ విడిపోతోందని ఆవిడ అన్నది. ఆడపిల్లల మాటలని సహోద్యోగి బ్రూస్ హీజెన్ మొదట కొట్టిపారేశాడు. పక్క బల్ల మీద మరొకరు భూకంపాల పటం గీస్తున్నారు. రెండు పటాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే, సముద్రంలోని భూకంపాలన్నీ సరిగ్గా ఆ లోయ వెంబడే ఉన్నాయి! ఇలాంటి పర్వతశ్రేణి ప్రపంచ సముద్రాలన్నిటిలో సుమారు 65,000 కిలోమీటర్ల పొడవున సాగుతుందని తర్వాత తేలింది.

1962లో ప్రిన్‌స్టన్ ఆచార్యుడు హ్యారీ హెస్ ఒక ఊహ ప్రకటించాడు. ఆ శ్రేణుల దగ్గర కొత్త నేల పుడుతుంది, రెండు పక్కలకూ జరుగుతుంది, చివరకు లోతైన కందకాల్లో భూమిలోకి దిగిపోతుంది. తన వ్యాసాన్ని తానే శాస్త్రం కంటే కవిత్వంలా చదువుకోమన్నాడట. చేతిలో రుజువు లేదు మరి.

రుజువు దొరికింది ఎక్కడో కాదు, మన హిందూ మహాసముద్రంలోనే. అరేబియా సముద్రానికి దక్షిణాన కార్ల్స్‌బెర్గ్ శ్రేణి అని ఒకటుంది. దాన్ని కనుక్కున్న డెన్మార్కు యాత్రకు సారా కంపెనీవారి ఫౌండేషను డబ్బు పెట్టింది, ఆ పేరే పర్వతానికి నిలిచిపోయింది. (సముద్రం అడుగున సీసా మాత్రం లేదు!) 1962లో అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్రలో భాగంగా బ్రిటిష్ నౌక ఓవెన్ ఆ శ్రేణి మీద అటూఇటూ తిరిగి రాళ్ళలోని అయస్కాంత శక్తిని కొలిచింది. కేంబ్రిడ్జిలో ఫ్రెడ్ వైన్ అనే పరిశోధక విద్యార్థి, ఆయన గురువు డ్రమండ్ మాథ్యూస్ ఆ కొలతలను అర్థం చేసుకుని 1963 సెప్టెంబరులో నేచర్ పత్రికలో ప్రచురించారు. కెనడాకు చెందిన లారెన్స్ మార్లీకి అదే ఆలోచన వచ్చినా పత్రికలు ఆయన వ్యాసాన్ని తిప్పి పంపాయి. పాపం!

వారు చెప్పింది ఇది. భూమి అయస్కాంత ధ్రువాలు లక్షల ఏళ్ళకోసారి తారుమారవుతాయి. ఇప్పుడు ఉత్తరం చూపించే దిక్సూచి ముల్లు అప్పట్లో దక్షిణం చూపించేది. చివరిసారి తిరగబడి సుమారు 7 లక్షల 80 వేల ఏళ్ళయింది. లావా చల్లబడి గట్టిపడేటప్పుడు దానిలోని ఇనుప రేణువులు ఆనాటి దిక్కును పట్టుకుని అలాగే ఉండిపోతాయి. కనుక నడుమ పుట్టి రెండు వైపులకూ జరిగే నేల మీద ఒక చార ఉత్తరం, ఒక చార దక్షిణం చొప్పున పడాలి. పెళ్ళిళ్ళలో పరిచే చారల జంబుఖానా గుర్తు తెచ్చుకోండి. దాన్ని సరిగ్గా మధ్య నుంచి రెండు పక్కలకూ నేసుకుంటూ పోతే ఎడమ పక్క ఎన్నో చార ఎంత వెడల్పో కుడి పక్క చారా అంతే ఉంటుంది. సముద్రపు నేల మీద సరిగ్గా అలాగే ఉంది. ఆ చారల వెడల్పును బట్టి ఏడాదికి ఎంత నేత పడుతోందో లెక్క కట్టవచ్చు. కార్ల్స్‌బెర్గ్ దగ్గర ఏడాదికి రెండు మూడు సెంటీమీటర్లు, మన గోళ్ళు పెరిగినంత.

పుట్టుక

ఆ చీలికలో లావా ఎక్కడి నుంచి వస్తుంది? భూమి లోపలంతా నిప్పుల కుంపటి, చిల్లు పడగానే పైకి ఉబుకుతుంది అనుకునేవాణ్ణి. కాదట. పై పెంకు కింద ఉన్న ప్రావారం గట్టి రాయే, కాకపోతే విపరీతమైన వేడితో ఉంటుంది. పైబరువు నొక్కిపెట్టి ఉంచడం వల్ల కరగదు. పలకలు విడిపోయిన చోట ఆ రాయి నెమ్మదిగా పైకి జరుగుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, అప్పుడు కొంత కరుగుతుంది. వంటింట్లో కుక్కరు చూడండి. లోపల నీళ్ళు మామూలుగా మరిగే వేడిని దాటిపోయి ఉంటాయి. గబుక్కున ఆవిరి వదిలితే, పొయ్యి ఆర్పేసినా సరే, అంతా ఒక్కసారి తెర్లుతుంది. వేడి పెరగలేదు, ఒత్తిడి తగ్గింది. అంతే.

అలా పైకొచ్చిన లావా చల్లని సముద్రపు నీటిని తాకగానే పైన పెచ్చు కట్టి, లోపల మెత్తగా, బోండాలా ఉబ్బుతుంది. పెచ్చు చిట్లి పక్కన ఇంకో బోండా. ఇలా పేరుకున్న రాతిని దిండు లావా అంటారు. ఆ దిండ్ల కింద, లావా పైకి ఎక్కిన పగుళ్ళే గట్టిపడి, అలమరలో నిలబెట్టిన పుస్తకాల్లా పక్కపక్కన నిలువు పొరలుగా ఉంటాయి. వాటి కింద నింపాదిగా చల్లబడిన ముతక నల్లరాయి. ఈ మూడు అంతస్తులూ కలిపి సుమారు ఏడు కిలోమీటర్ల మందం. ఈ వరస గుర్తు పెట్టుకోండి, తర్వాత నెల్లూరులో పనికొస్తుంది.

ప్రపంచం మొత్తం మీద ఏడాదికి మూడు చదరపు కిలోమీటర్లకు పైగా కొత్త నేల పుడుతుంది. ఎకరాల్లో చెప్పాలంటే ఎనిమిది వందలకు అటూఇటూ.

పోక

భూమి ఉబ్బిపోవడం లేదు కాబట్టి పుట్టినంతా ఎక్కడో పోవాలి. పుట్టినప్పుడు వేడిగా, తేలికగా ఉండే నేల రెండున్నర కిలోమీటర్ల లోతున ఉంటుంది. దూరం జరిగేకొద్దీ చల్లబడి, బరువెక్కి, ఐదారు కిలోమీటర్ల లోతుకు కుంగుతుంది. చివరకు కింద ఉన్న ప్రావారం కంటే బరువై, పక్క పలక కిందికి దూరి దిగిపోతుంది. మన వైపు అది జరిగేది సుమత్రా, జావాల పక్కన ఉన్న సుండా కందకం దగ్గర.

పాలు కాచేటప్పుడు మీగడ కట్టి అంచుకు జరగడం చూసే ఉంటారు. పోలిక పూర్తిగా సరిపోదు, మీగడ మునగదు. గ్రానైటు మాత్రం అచ్చంగా మీగడే. నల్లరాయి కంటే తేలిక, అందుకే ఖండాలు మునగవు. అటూఇటూ కొట్టుకుపోతాయి, చీలతాయి, గుద్దుకుంటాయి, కానీ తేలుతూనే ఉంటాయి. ఐదేళ్ళ కంటే పెద్ద పిల్లలు ఎందుకు కనబడరో, డెబ్బై ఏళ్ళ తాత ఎందుకు మిగిలాడో ఇప్పుడు తెలిసింది కదా!

మన నేల చేసిన ప్రయాణమూ తక్కువదేం కాదు. సుమారు 13 కోట్ల ఏళ్ళ క్రితం వరకు మన కోస్తా అంటార్కిటికాకు అతుక్కుని ఉండేది. అది విడిపోయిన చీలికలో పుట్టిందే బంగాళాఖాతపు అడుగు. 9 కోట్ల ఏళ్ళ క్రితం మడగాస్కరును వదిలాం. ఆ తర్వాత ఒక దశలో ఏడాదికి 15 సెంటీమీటర్ల పైచిలుకు వేగంతో ఉత్తరానికి పరుగెత్తి, 5 కోట్ల ఏళ్ళ క్రితం ఆసియాను గుద్దుకున్నాం. మధ్యలో ఉన్న టెథిస్ అనే సముద్రం నేల మొత్తం లోపలికి పోయింది.

పోయిందంటే మాయమైందని కాదు. శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రం ఉపరితలం, లెక్క ప్రకారం ఉండవలసిన దాని కంటే వంద మీటర్లకు పైగా పల్లంగా ఉంటుంది. అక్కడ గురుత్వాకర్షణ తక్కువ. ఓడలో పోయేవారికి తెలియదు గానీ ఉపగ్రహాలకు తెలుస్తుంది. 2023లో మన బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన దేబాంజన్ పాల్, ఆత్రేయీ ఘోష్ దీనికి ఒక కారణం చూపారు. మునిగిన టెథిస్ నేల ప్రావారం అట్టడుగుకు చేరి, ఆఫ్రికా కింద ఉన్న వేడి రాశిని కదిలించిందనీ, అక్కడి నుంచి లేచిన వేడి, తేలిక రాతి పాయలే ఈ పల్లానికి కారణమనీ వారి కంప్యూటరు లెక్కలు చెబుతున్నాయి. కోట్ల ఏళ్ళ క్రితం మునిగిన సముద్రం ఈనాటి సముద్రం మీద ఇంకా గుంట పెడుతోందన్నమాట.

గౌరిబిదనూరు చెవులు

మా తొండేభావికి పదిహేను కిలోమీటర్ల దూరాన గౌరిబిదనూరు ఉంది. అక్కడ 1965లో, తర్వాత భాభా అణు పరిశోధన కేంద్రంగా పేరు మారిన సంస్థవారు బ్రిటిష్ అణుశక్తి సంస్థ సహకారంతో భూకంప తరంగాలను పట్టే కేంద్రం పెట్టారు. అప్పుడు నాకు పదేళ్ళు. మా ఇంట్లో పెద్దవాళ్ళు దాన్ని "భూకంపాల ఆఫీసు" అనేవారు. మా వైపు భూకంపాలే రావు కదా, ఇక్కడెందుకు ఈ ఆఫీసు అని మా నాన్న నవ్వేవారు.

రావు కాబట్టే ఇక్కడ పెట్టారు. దూరదేశాల్లో భూమి కింద అణుబాంబులు పేల్చి పరీక్షిస్తే ఇక్కడి నుంచి కనిపెట్టడం దాని అసలు పని. అందుకు గట్టి, పాత, నిశ్శబ్దమైన రాయి కావాలి. సముద్రపు కెరటాల రొద దూరంగా ఉండాలి. మా గుండ్ల కంటే మంచి చోటు ఏముంది? ఇంగ్లీషు ఎల్ అక్షరం ఆకారంలో కిలోమీటర్ల పొడవున ఇరవై యంత్రాలు పాతారు. ఒక కదలిక ఏ యంత్రానికి ముందు, ఏ యంత్రానికి వెనక చేరిందో చూసి అది ఏ దిక్కు నుంచి వచ్చిందో చెబుతారు. మనం రెండు చెవులతో చేసే పని అవి ఇరవై చెవులతో చేస్తాయి. (అదే గౌరిబిదనూరులో 1976 నుంచి ఆకాశపు రేడియో తరంగాలను వినే టీ ఆకారపు దూరదర్శిని కూడా ఉంది. పాతాళానికి ఎల్, ఆకాశానికి టీ!)

బాంబులు ఎప్పుడో గానీ పేలవు. పాత సముద్రపు నేల మాత్రం నిత్యం మునుగుతూనే ఉంటుంది. లోకంలోని పెద్ద భూకంపాల్లో అత్యధికం ఆ మునక చప్పుళ్ళే.

2004 డిసెంబరు 26, ఆదివారం, మార్గశిర పౌర్ణమి. ఉదయం 6 గంటల 28 నిమిషాలకు సుమత్రా పక్కన ఆ కందకం కదిలింది. మన పలక అక్కడ ఏడాదికి నాలుగైదు సెంటీమీటర్ల చొప్పున కిందికి దూరుతోంది. కానీ నున్నగా జారదు. పై పలక అంచును పట్టుకుని, వెదురుబద్దను వంచినట్టు వంచుతూ శతాబ్దాల పాటు లాగుతుంది. ఒకరోజు పట్టు వదులుతుంది. ఆ రోజు సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున వదిలింది. తీవ్రత 9.1. బద్ద ఎగిరినట్టు సముద్రం అడుగు లేచింది, దాని మీది నీళ్ళంతా లేచాయి.

ఆ అదురు రాతిలో నుంచి మా ప్రాంతానికి చేరడానికి పట్టే సమయం లెక్కవేశాను. దూరం సుమారు 2,300 కిలోమీటర్లు. ఐదు నిమిషాల లోపే. అదే చోట పుట్టిన కెరటం చెన్నై, నెల్లూరు తీరాలకు రావడానికి రెండున్నర గంటలు పట్టింది. అంటే ఆరున్నర దాటగానే తొండేభావి గుండ్లకు చేరిన సంగతి, తొమ్మిది గంటలకు తీరంలో వలలు ఆరవేసుకుంటున్నవారికి, పౌర్ణమి స్నానం చేస్తున్నవారికి తెలియదు. హిందూ మహాసముద్రంలో సునామీ హెచ్చరిక వ్యవస్థ అనేదే అప్పటికి లేదు. పద్నాలుగు దేశాల్లో రెండు లక్షల మందికి పైగా పోయారు. ఆంధ్ర తీరంలో పోయినవారే వందమందికి పైన.

మా మేనత్త కూతురు, నాకు వదిన వరస, కాపురం నెల్లూరు. ఆ పొద్దున ఇరుగుపొరుగు ఆడవాళ్ళతో మైపాడు సముద్రస్నానానికి పోదామని ముందురోజే అనుకుందట. మనవరాలికి జ్వరం తగిలి ఆగిపోయింది. ఆ సంగతి మాకు తెలిసింది సాయంత్రానికి. అంతవరకూ ఫోను దొరకలేదు. టీవీలో చూపించిందే చూపిస్తున్నారు. మా ఇంట్లో ఆ రోజు ఎవరూ అన్నం ముట్టలేదు. "జ్వరం వచ్చింది కాబట్టి బతికాను రా" అని ఆవిడ తర్వాత ఎన్నోసార్లు నవ్వుతూ చెప్పేది. నాకు మాత్రం ఈ మధ్య ఆ లెక్క వేసినప్పటి నుంచీ ఆ రెండున్నర గంటలే కళ్ళ ముందు తిరుగుతున్నాయి.

2007 అక్టోబరు నుంచి హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రంలో సునామీ హెచ్చరిక విభాగం పనిచేస్తోంది. భూకంప కేంద్రాల సమాచారం నిమిషాల్లో అక్కడికి చేరుతుంది. సముద్రం అడుగున పెట్టిన యంత్రాలు నీటి బరువులో తేడా పట్టి కెరటం నిజంగా బయలుదేరిందా లేదా చెబుతాయి. 2012 ఏప్రిల్ 11న అదే వైపు 8.6 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు బెంగుళూరులో కూడా జనం ఆఫీసుల్లోంచి బయటికి పరుగెత్తారు. ఆ రోజు నేల పైకి లేవలేదు, పక్కకు జరిగింది. పెద్ద కెరటం రాలేదు.

మిగిలిన ముక్కలు

మునిగిన నేల తనతో పాటు నీళ్ళను కూడా లోపలికి తీసుకుపోతుంది. ఆ తడి తగిలితే పైనున్న వేడిరాయి తేలికగా కరుగుతుంది. అలా పుట్టినవే జావా, సుమత్రాల అగ్నిపర్వతాలు, అండమాన్‌కు తూర్పున 1991లో మళ్ళీ రాజుకున్న మన బారెన్ దీవి. లోపలికి పోతూ పోతూ గీరుకుని పైన మిగిలిన మట్టి, సముద్రపు నేల ముక్కలు పోగైనవే అండమాన్ దీవులు. అక్కడ స్థిరపడిన మన తెలుగువారు చాలామంది ఆ పోగు మీదే ఇళ్ళు కట్టుకున్నారు.

ఇలాంటి మిగులు మనకు దగ్గర్లోనే ఉంది. చిత్రదుర్గం దగ్గర మరడిహళ్ళిలో దిండు లావా గుట్ట ఉంది. అదీ జాతీయ స్మారకమే. ఇప్పుడు చుట్టూ జొన్నచేలు ఉండవచ్చు గానీ, ఆ బోండాలు నీళ్ళలో తప్ప పొంగవు. కోలారు బంగారు గనుల దగ్గర ఉత్తర దక్షిణాలుగా సాగే నల్లరాతి పట్టీ కూడా 270 కోట్ల ఏళ్ళ నాటి నీటి అడుగు లావాయే. ఆ పట్టీకి పడమట ఒక రకం, తూర్పున ఇంకో రకం పాత రాయి ఉన్నాయి. ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయపు వి. రాజమణి, అమెరికాలోని స్టోనీబ్రూక్ విశ్వవిద్యాలయపు గిల్బర్ట్ హాన్సన్, వారి సహచరులు 1989లో సైన్స్ పత్రికలో ఆ పట్టీ రెండు వేర్వేరు భూఖండాలు కలిసిన అతుకు అని వాదించారు. మధ్యనున్న సముద్రం మూసుకుపోయింది, నలిగిన రాళ్ళ పగుళ్ళలోకి వేడినీళ్ళు బంగారాన్ని తెచ్చిపెట్టాయి. 2001లో గనులు మూతపడేదాకా మూడు కిలోమీటర్ల లోతున కార్మికులు తవ్వింది ఆ అతుకునే. అంత పాతకాలంలో పలకలు ఇప్పటిలాగే కదిలేవా అన్నదాని మీద శాస్త్రజ్ఞుల్లో వాదం ఇంకా నడుస్తూనే ఉంది.

మా ఉత్తర పినాకిని నంది కొండల వైపు పుట్టి, గౌరిబిదనూరు, హిందూపురం మీదుగా సాగి, పెన్నగా నెల్లూరు దాటి బంగాళాఖాతంలో కలుస్తుంది. దాని ఇసుకలో మా గుండ్ల పొడి కూడా ఉంది. ఆ నది ముగిసే ఉమ్మడి నెల్లూరు జిల్లాలోనే కండ్ర అనే చోటుంది. అక్కడి నల్లరాళ్ళు సముద్రపు నేల కావచ్చునని ఉస్మానియా ఆచార్యులు సి. లీలానందం 1990లోనే రాశారు. ఇందాక గుర్తు పెట్టుకోమన్న వరస, పుస్తకాల్లా నిలబడ్డ ఆ పొరలు, అక్కడ దొరికాయి. ఇరవై ఏళ్ళ తర్వాత, 2010లో, కె. విజయకుమార్, స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు ఎర్నెస్ట్ తదితరులు ఆయనతో కలిసి దాని వయసు 185 కోట్ల ఏళ్ళని తేల్చారు. మరుసటి ఏడాది ఉమ్మడి ప్రకాశం జిల్లా కనిగిరి దగ్గర 133 కోట్ల ఏళ్ళ ముక్క ఇంకొకటి బయటపడింది. మా వదిన ఊరికి అంత చేరువలో రెండు చచ్చిపోయిన సముద్రాలు!

చివరికి మా గుండు సంగతి. గ్రానైటు ఊరికే పుట్టదు. నీళ్ళు పట్టిన నల్లరాయి లోతుకు పోయి కరిగితేనే ఈ తెల్లరాయికి మొదటి పాకం దొరుకుతుంది. ఆ పాకమే గట్టిపడి, మళ్ళీ కరిగి, ఇంకా తేలికై పైకి వస్తుంది. నల్లరాయి నీళ్ళు పట్టడానికి సముద్రం అడుగును మించిన చోటు లేదు. అంటే ఇప్పుడున్న ఏ సముద్రపు నేల కంటే మా గుండు పెద్దదే. అయితే అది వండబడింది, దానికంటే ముందు మునిగిపోయిన ఏదో పాత నేలలోంచి.

వెంటనే మనవడికి ఫోను చేశాను. అంతా విని, "అయితే ఇద్దరం రైటే తాతా" అన్నాడు. నాకు మార్కులు తిరిగొచ్చాయని సంతోషించేలోపే, "మరి ఆ పాత సముద్రపు నేల పుట్టడానికి ముందు ఏముండేది?" అన్నాడు. వేసవి సెలవుల్లో మరడిహళ్ళి తీసుకెళతానని, అక్కడ చెబుతానని మాటిచ్చి ఫోను పెట్టేశాను. సెలవులకు ఇంకా నెలన్నర ఉంది. ఈసారి ముందే చదువుకుని బయలుదేరతాను.